నిన్న ఏం తిన్నవ్ అన్నా?

మా పాఠ్యపుస్తకాల్లో ఒక మనిషి ఉంటాడు. పేరు రిఫరెన్స్ మ్యాన్. వయసు 19కీ 39కీ మధ్య. బరువు 65 కిలోలు. ఒంట్లో ఏ జబ్బూ లేదు. రోజుకు 8 గంటలు పని చేస్తాడు, 8 గంటలు మంచం మీద ఉంటాడు, 4 నుంచి 6 గంటలు కూర్చునీ అటూ ఇటూ తిరిగీ గడుపుతాడు, మిగిలిన 2 గంటలు నడకకో ఆటకో ఇంటిపనికో ఇస్తాడు. మన దేశంలో ఎవరెంత తినాలో చెప్పే లెక్కలన్నీ ఈయన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని మొదలవుతాయి. కూర్చుని చేసే పనైతే రోజుకు 2110 కిలో క్యాలరీలు, ఓ మోస్తరు పనైతే 2710, ఒళ్లు హూనమయ్యే పనైతే 3470. 2010 నాటి లెక్కల్లో ఈయన బరువు 60 కిలోలే. 2020కి వచ్చేసరికి 5 కిలోలు పెరిగాడు. ఎవరింట్లో తింటున్నాడో గానీ, సుఖంగానే ఉన్నాడు.

అల్ ఖూజ్‌లో ఆయన కోసం మూడేళ్లుగా వెతుకుతున్నాను. ఇంకా కనబడలేదు.

డైటెటిక్స్, క్లినికల్ న్యూట్రిషన్‌లో ఎమ్మెస్సీ చదువుతున్నాను. దూరవిద్య. ఇండియా నుంచి పుస్తకాలు వస్తాయి, పరీక్షలకు నేను వెళ్తాను. నలభై ఏళ్లు దగ్గరపడుతుంటే ఇప్పుడీ చదువేంటని మా అమ్మ ఫోన్ చేసిన ప్రతిసారీ అడుగుతుంది. ఉద్యోగం అల్ ఖూజ్ ఇండస్ట్రియల్ ఏరియాలో, లేబర్ క్యాంపులకు భోజనాలు పంపే ఒక వంటశాలలో. దుబాయ్‌లో తిండి వండి అమ్మే ప్రతి చోటా ఆహార భద్రతలో శిక్షణ పొంది, పరీక్ష పాసైన బాధ్యుడు ఒకరుండాలని మున్సిపాలిటీ నియమం. రాత్రి షిఫ్టులో ఆ ఒకరు నేను. చేతిలో థర్మామీటరు, గోడకు లాగ్ షీటు. అన్నం ఎంత వేడిలో ఉందో చూడటం, రాయడం, సంతకం పెట్టడం.

దుబాయ్ చూడటానికి వచ్చినవాళ్లు అల్ ఖూజ్ వస్తే ఆల్‌సెర్కాల్ అవెన్యూకి వస్తారు. ఒకప్పటి పాలరాతి కర్మాగారం ఇప్పుడు ఆర్ట్ గ్యాలరీలు, కాఫీ షాపులు. అక్కడ ఒక గిన్నెలో నాలుగు ఆకులూ గుప్పెడు క్వినోవా వేసి ఇచ్చే ధరకు మా వంటశాల ఒక మనిషికి రెండు మూడు రోజులు మూడు పూటలా పెడుతుంది. షేక్ జాయెద్ రోడ్డుకీ అల్ ఖైల్ రోడ్డుకీ నడుమ గోదాములు, గ్యారేజీలు, వాటి మధ్య క్యాంపులు. ఒక్కో గదిలో ఆరుగురు, ఎనిమిదిమంది. తెల్లవారుజామున నాలుగింటికి వీధి దీపాల కింద బస్సుల వరస చూస్తే, ఊరంతా జాతరకు కదిలినట్టుంటుంది, చప్పుడు మాత్రం ఉండదు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కడప, కోనసీమ, శ్రీకాకుళం. యాస వినబడితే చాలు జిల్లా చెప్పేస్తాను.

పోషకాహారం చదవాలనే బుద్ధి పుట్టింది ఆ థర్మామీటరు వల్లే. అది అన్నం ఎంత వేడిగా ఉందో చెబుతుంది, ఆ అన్నం తిన్నవాడు ఏమవుతాడో చెప్పదు. చదువుకు కూర్చున్నాక తెలిసింది, ఈ శాస్త్రం మన గడపలోనే పెరిగిందని. 1918లో కూనూరులో రాబర్ట్ మెకారిసన్ అనే వైద్యుడు బెరిబెరి జబ్బును పరిశోధించడానికి ఒక గదిలో మొదలుపెట్టిన పని, 1958లో హైదరాబాదుకు మారి తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ అయింది. అక్కడి నుంచి వచ్చిన 2017 నాటి ఆహార పట్టికల్లో 528 పదార్థాల లెక్కలున్నాయి. ఆ పుస్తకం నా మంచం పక్కనే ఉంటుంది. 100 గ్రాముల తెల్ల బియ్యంలో 356 కిలో క్యాలరీలు, 8 గ్రాములకు కాస్త తక్కువ ప్రోటీను. మా పెట్టెల్లో వెళ్లే అన్నాన్ని బియ్యం లెక్కకు మారిస్తే మనిషికి రోజుకు 450 గ్రాములు. అంటే 1600 కిలో క్యాలరీలు, 36 గ్రాముల ప్రోటీను ఒక్క బియ్యం నుంచే. ప్రోటీను రోజుకు 54 గ్రాములు కావాలంటుంది పుస్తకం. మిగతాది నీళ్ల పప్పులోంచీ, వారానికి రెండుసార్లు వచ్చే కోడి ముక్కలోంచీ వెతుక్కోవాలి.

ఆ అన్నం తినేవాళ్లలో చాలామంది తాతలు అన్నం పండగకే తిన్నవాళ్లు. జొన్న గటక, మక్క గటక తాగి నాగలి పట్టినవాళ్లు. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చాక కంచం రంగు మారింది. ఆకలి తీరిందన్న మాట కాదనలేం, తీర్చినవాళ్లను తప్పు పట్టలేం. మనవడు మాత్రం మూడు పూటలా తెల్లన్నమే తిని, నలభై ఏళ్లకే షుగర్ మాత్ర మింగుతున్నాడు.

చదువులో నాకు బాగా నచ్చిన పాఠం 24 గంటల రీకాల్. పెద్ద యంత్రాలేం అక్కర్లేదు. ఎదుటి మనిషిని నిన్న ఏం తిన్నావో చెప్పమని అడగడమే. అయితే ఐదు దఫాలుగా అడగాలి. మొదట గుర్తొచ్చినవన్నీ గబగబా చెప్పించాలి. తర్వాత మరిచిపోయినవి తవ్వాలి: చాయ్, బిస్కెట్, సోడా, ఎవరో ఇచ్చిన పండు. తర్వాత ఏ వేళకు, ఎక్కడ. తర్వాత ఎంత, ఎలా వండింది. చివర మొత్తం మళ్లీ చదివి వినిపించాలి. మధ్యలో మన ముఖం మారకూడదు. అయ్యో అనకూడదు, శభాష్ అనకూడదు.

ఈ పద్ధతి తయారుచేసినవాళ్లకు తెలుగువాళ్ల సంగతి తెలియదు. మనకు ఏం తిన్నావన్నది ప్రశ్నే కాదు, పలకరింపు. దానికి జవాబు ఒకటే. ఫోన్లో అవతల అమ్మ అడిగినా, పెళ్లాం అడిగినా, చేతిలో ఖుబ్బూస్ ముక్క మిగిలి ఉన్నా, ఏమీ లేకపోయినా, "తిన్న." ఇరవై ఏళ్లుగా రోజూ ఆ ఒక్క మాట చెప్పిన నోటికి, నేను నోటుబుక్కు తీయగానే కూడా అదే మాట వచ్చేస్తుంది.

ఆదివారాలు మా ఆయనా నేనూ క్యాంపుల బయట ఒక మలయాళీ కెఫెటేరియా ముందు కూర్చుంటాం. మగవాళ్ల క్యాంపుల్లోకి నన్ను పోనివ్వరు, పోవడం పద్ధతి కూడా కాదు. ఎదురుగా ఖాళీ స్థలంలో క్రికెట్, గోడ వారన నీడలో వీడియో కాల్స్. మొదట్లో ఎవరూ వచ్చేవారు కాదు. ఊరి నుంచి వచ్చిన సకినాలు, మడుగులు, తొక్కు టేబుల్ మీద పెట్టాక రావడం మొదలైంది. పార్సిళ్లలో గసగసాలు మాత్రం ఎవరూ పంపకండి. ఇక్కడ అవి మత్తుమందుల లెక్కలోకి వస్తాయి, మసాలా పొట్లం కోసం మనిషి జైలుకు పోతాడు. ఈ సంగతి తెలియని తల్లులు ఇంకా ఉన్నారని ఇక్కడ రాసి పెడుతున్నాను.

అలా వచ్చినవాళ్లలో ఒకాయన ఉన్నాడు. జగిత్యాల వైపు, నలభై ఏడేళ్లు, షట్టరింగ్ కార్పెంటర్. నన్ను చెల్లె అంటాడు. మొదటి ఆదివారం మా రీకాల్ ఇలా సాగింది.

"నిన్న పొద్దుగాల ఏం తిన్నవ్ అన్నా?"

"తిన్న."

"ఏం తిన్నవ్?"

"గదే, బువ్వ. ఏముంటది చెల్లె, క్యాంపుల."

"పగటీలి?"

"తిన్న."

"రాత్రి?"

"గదే."

ఇంతలో ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. స్పీకర్లో పెట్టాడు. తిన్నవా అని ఆమె, తిన్న అని ఈయన. ఏం కూర అని ఆమె. చికెన్ అన్నాడు. నా నోటుబుక్కు వైపు చూసి, ఫోన్ పెట్టేశాక, "అది రాయకు చెల్లె" అన్నాడు.

నాలుగు ఆదివారాలు పట్టింది. చాయ్‌లు ముందు బయటపడ్డాయి. రోజుకు ఐదు కరక్ చాయ్‌లు, రెయిన్‌బో డబ్బా పాలు, కప్పుకు మూడు చెంచాల చక్కెర. చెంచా 5 గ్రాములనుకున్నా 75 గ్రాములు, 300 కిలో క్యాలరీలు. షుగర్ ఉన్న మనిషి. ఇది వినగానే ఎవరైనా చెప్పే మాట, చక్కెర మానెయ్. పుస్తకం మాత్రం మూడో దఫా అడగమంది, ఏ వేళకు అని. పదకొండింటికి ఒకటి, పన్నెండున్నరకు ఒకటి, రెండింటికి ఒకటి. ఆ వేళకే ఎందుకంటే, కాళ్లు వణుకుతాయట, చెమట చల్లగా పడుతుందట, కళ్ల ముందు మసక. చాయ్ తాగితే సర్దుకుంటుందట. ఎండకేమో అనుకున్నాడు.

మాత్రల అట్ట చూపించమన్నాను. మెట్‌ఫార్మిన్, దాంతోపాటు గ్లిమెపిరైడ్. జగిత్యాల నుంచి వచ్చేవాళ్ల చేత ఆరు నెలలకు సరిపడా తెప్పించుకుంటాడు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే చక్కెర మరీ కిందికి పడిపోవడం అరుదు. గ్లిమెపిరైడ్ అలా కాదు. మనిషి తిన్నాడా లేదా అని అది చూడదు, క్లోమాన్ని పిండి ఇన్సులిన్ వదిలిస్తుంది. పొద్దున నాలుగింటికి మాత్ర, ఆపైన సుత్తి పని, పగలు తిండి లేకపోతే రక్తంలో చక్కెర జారిపోతుంది. ఆయన పని చేసేది ఎనిమిదో అంతస్తు స్కఫోల్డింగ్ మీద. నేను తీసేయాలనుకునే ఆ చాయ్ చక్కెరే ఆయన్ని అక్కడ నిలబెడుతోంది.

పగలు తిండి లేకపోవడం ఏమిటి, పెట్టె వెళ్తోంది కదా? నాలుగో ఆదివారం గానీ చెప్పలేదు. పెట్టె తెరిస్తే వాసన. ఎండాకాలం వారంలో మూడు నాలుగు రోజులు పారబోస్తాడు. "పాసిపోతది చెల్లె. తింటే కడుపు చెడ్తది, కడుపు చెడితే డ్యూటీ పోతది." పారబోసి ఖుబ్బూస్, లబన్ కొనుక్కుంటాడు. నెలాఖరులో అదీ ఉండదు.

ఆ పెట్టెలు ఏ వంటశాలవని అడగలేదు. మూత రంగు చెప్పాడు. మావే.

మా దగ్గర అన్నం రాత్రి పదకొండున్నరకు పొయ్యెక్కుతుంది. రెండింటికి పెట్టెల్లోకి, మూడున్నరకు వ్యాన్లలోకి. పెట్టెలో పెట్టేటప్పుడు 70 డిగ్రీలు. వేడి తిండి 60కి పైన ఉండాలి, చల్లటిది 5కి లోపు. మధ్యలో నాలుగు గంటలు దాటితే పారెయ్యాలని మాకు నేర్పే నియమం. నా సంతకం ఉన్న కాగితం నూటికి నూరుపాళ్లు నిజం. ఆ అన్నం మూత తెరుచుకునేది మధ్యాహ్నం పన్నెండున్నరకు, తొమ్మిది గంటల తర్వాత, అప్పటిదాకా ఎండలో నిలబడ్డ బస్సులో. మైక్రోబయాలజీ పేపరులో బాసిల్లస్ సీరియస్ గురించి పది మార్కుల ప్రశ్న వచ్చింది. దాని బీజాలు ఉడికినా చావవు, అన్నం గోరువెచ్చగా అయ్యాక మొలకెత్తుతాయి, అది వదిలే ఒక రకం విషం మళ్లీ వేడి చేసినా పోదు. ఆ జవాబు నేను చాలా బాగా రాశాను. చేతిరాత మీద ఎప్పుడూ మార్కులు పోగొట్టుకునే నాకు ఆ పేపరులో డెబ్బై ఎనిమిది.

మన ఊళ్లలో పొద్దున వండి మధ్యాహ్నం పొలంలో తినని వాళ్లెవరు? దానికి పేరే ఉంది, సద్ది. సద్దుల బతుకమ్మ నాడు ఏ సద్దులు చేస్తామో గుర్తు చేసుకోండి. చింతపండు, నిమ్మకాయ, పెరుగు, నువ్వులు, కొబ్బరి. పులుపు లేకపోతే పొడిపొడి. గల్ఫ్ ఎండకు కొబ్బరి నిలవదు, పెరుగన్నానికి చల్లటి పెట్టె కావాలి. చింతపండు మాత్రం ఎక్కడైనా నిలబడుతుంది. ఏడుకొండలు ఎక్కేవాళ్లు పులిహోర కట్టుకెళ్లింది రుచికేననుకుంటాం గానీ, పులుపులో ఆ సూక్ష్మజీవి ఎదగలేదు. జపాన్ వాళ్లు సుషీ అన్నంలో వెనిగర్ కలపడం వెనకా ఇదే సూత్రం ఉంది. పుస్తకాలు పీహెచ్ 4.6 అనే గీత గీస్తాయి, దానికి కింద ఉన్నవి పుల్లటి పదార్థాలు.

మా మేనేజరు ముందు ఇదంతా పెట్టాను. ఆయనది ఉత్తరప్రదేశ్, పులిహోర ఎప్పుడూ తినలేదు. ఇమ్లీ చావల్ అంటే ముఖం అదోలా పెట్టాడు. అప్పుడు పారబోత లెక్క చూపించాను. వెనక్కి వచ్చే పెట్టెల్లో మిగిలిన తిండిని రెండు వారాలు తూకం వేసి రాసిన కాగితం. డబ్బు భాష అందరికీ అర్థమవుతుంది. సోమవారం, గురువారం పులిహోర పెట్టడానికి ఒప్పుకున్నాడు. బెంగాలీ వంటమాస్టరుకు పోపు నేర్పించాను. పీహెచ్ పేపరు ముంచి చూస్తూ 4.6 కిందికి దిగేదాకా చింతపండు పెంచాం, పుల్లదనం తగలకుండా కొంచెం బెల్లం. పల్లీలు బాగా వేయించాం, వాటిలో నాలుగో వంతు ప్రోటీనే. మలయాళీలకు నచ్చింది, బీహారు వాళ్లు తిట్టుకున్నారు. మనవాళ్లు రెండో పెట్టె అడిగారు.

పులిహోర అయినా తెల్లన్నమే, షుగరున్న మనిషికి అది మందేం కాదు. ఆయన విషయంలో నేను చేయగలిగింది కొంచెమే. దుబాయ్‌లో డైటీషియన్‌గా సలహా ఇవ్వాలంటే హెల్త్ అథారిటీ లైసెన్సు కావాలి, నాకు లేదు. మాత్ర మార్చమని చెప్పే హక్కు లైసెన్సున్నా ఉండదు. క్లినిక్‌కు వెళ్లు అన్నా అంటే ససేమిరా అన్నాడు. ఫైల్లో షుగర్ అని పడితే పంపించేస్తారని భయం. వీసా మెడికల్‌లో చూసేవి హెచ్‌ఐవీ, క్షయ లాంటి అంటువ్యాధులనీ షుగర్ కాదనీ, కంపెనీ ఇచ్చిన ఇన్సూరెన్సు కార్డు అందుకేననీ మూడు వారాలు చెప్పాను. మా ఆయన ఒక సాయంత్రం సెలవు పెట్టి వెంట తీసుకెళ్లాడు. డాక్టరు మాత్రలు మార్చాడు. చేతి జేబులో చక్కెర పొట్లం పెట్టుకోమన్నాడు, వణుకు వస్తే మూడు చెంచాలు నోట్లో వేసుకుని పావుగంట కూర్చోవాలి, ముందు కిందికి దిగాలి. అది కుదిరాకే చాయ్ చక్కెర మూడు చెంచాల నుంచి ఒకటికి తెచ్చాం.

డైట్ చార్టు రాసివ్వమన్నాడు. పుస్తకంలో నమూనా చార్టులున్నాయి, ఉదయం ఎనిమిదింటికి రెండు ఇడ్లీలు, పదకొండింటికి జామకాయ. ఎనిమిదింటికి ఆయన ఎక్కడుంటాడో చెప్పాను కదా. చదవడానికి కళ్లద్దాలు కూడా లేవు. వాయిస్ మెసేజ్ పెట్టాను. పగటి పెట్టెలో అన్నం సగం, ఖుబ్బూస్ గోధుమది ఒకటి, గుప్పెడు పల్లీలు, ఉప్పు లబన్ ఒకటి. రాత్రి కూరగాయ ముందు, బువ్వ తర్వాత. నలభై రెండు సెకన్లు. దాన్ని ఆయన గదిలో ఇంకో ముగ్గురికి పంపాడట.

ఉప్పు లబన్ అన్నచోట నేను చాలా ఆలోచించాను. పుస్తకం రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పే తినమంటుంది, బీపీ ఉంటే మరీను. లీటరు చెమటలో సుమారు గ్రాము సోడియం పోతుందని ఇంకో పుస్తకం, అంటే రెండున్నర గ్రాముల ఉప్పు. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు వరకు ఎండలో పని ఆపాలని ఇక్కడ చట్టం, 2005 నుంచి ఉంది, పాటిస్తారు కూడా. మిగిలిన గంటల్లో చెమట కారకుండా ఉండదు. సోంపేట నుంచి వచ్చిన ఒక కుర్రాడికి ఉప్పు గురించి ఏమీ చెప్పకుండా, ముందు రక్తంలో క్రియాటినిన్ చూపించుకో నాన్నా అన్నాను. ఉద్దానం పిల్లాడికి కిడ్నీ ఎలా ఉందో తెలియకుండా ఏ సలహా చెప్పినా ప్రమాదమే, ఆఖరికి కొబ్బరినీళ్లు తాగమన్నా. ఇంట్లో ఇద్దరిని డయాలసిస్ మీద చూసిన పిల్లాడు అతను, చూపించుకోవాలంటేనే భయపడుతున్నాడు. ఇంకా చూపించుకోలేదు.

డిసర్టేషన్‌కు ఈ రీకాల్సే పెడదామనుకున్నాను. క్యాంపుల్లో సర్వే చేయడానికి అనుమతి అడిగితే కంపెనీ నాలుగు నెలలు నానబెట్టి వద్దంది. రాతపూర్వక అనుమతి లేనిదే ఎథిక్స్ కమిటీ ఒప్పుకోదు, ఒప్పుకోకపోవడం న్యాయమే. గైడు శీర్షిక మార్చమన్నారు. ఇప్పుడది ఆఫీసు ఉద్యోగుల మధ్యాహ్న భోజనం మీద. అరవైమంది, అందరూ కూర్చుని పనిచేసేవాళ్లు, జిమ్‌కు వెళ్లేవాళ్లు. వాళ్లలో ఒకాయన అచ్చం 65 కిలోలున్నాడు. ముప్పై రెండేళ్లు, ఏ జబ్బూ లేదు. ఫారంలో బరువు రాస్తూ నవ్వొచ్చింది. అడిగితే మధ్యాహ్నం ఒట్టి సలాడ్ అన్నాడు.

ఆదివారాల నోటుబుక్కు డిసర్టేషన్‌లోకి పోదు, పేర్లు లేవు, ఎవరికీ చూపించను. మొన్న పొద్దున, నేను షిఫ్టు దిగి బస్సు కోసం నిలబడి ఉంటే, జగిత్యాల అన్న నుంచి వాయిస్ మెసేజ్. వెనక సుత్తుల చప్పుడు. "చెల్లె, నిన్న పగటీలి తినలే. బుధవారం కదా, పాత బువ్వే అచ్చింది, పాసిపోయింది. పల్లీలు తిన్న, లబన్ తాగిన. వణుకు రాలే." రీకాల్‌లో ఐదు దఫాలూ ఒకే ఊపులో చెప్పేశాడు.

బుధవారం కూడా పులిహోర పెట్టమని అడగాలి. అక్టోబరులో క్యాంపుతో కాంట్రాక్టు మళ్లీ రాసుకుంటారు, చింతపండు ఖర్చు ఎక్కువని మేనేజరు ఇప్పటినుంచే అంటున్నాడు. నిమ్మకాయ ధర కూడా కనుక్కుని పెట్టాను. మంగళవారం కూర్చోబెట్టి లెక్క చూపించాలి, ఆ రోజు ఆయన కాస్త తీరిగ్గా ఉంటాడు.